కొత్త బ్లాకు కోసం కాలేజీ అడిగే డబ్బు కట్టాలా?

ప్రశ్న: "మా చెల్లికి కౌన్సెలింగ్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు కాక, కొత్త బ్లాకు కడుతున్నామని ఇంకో 20 వేలు అడుగుతున్నారు. కట్టాలా?"

నన్నడిగితే కట్టకండి. తప్పదనుకుంటే కాలేజీ పేరు మీద రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

నేను బీటెక్‌లో చేరిన రోజు ఫీజు డీడీ తీసుకున్నాక మా నాన్నని పక్క కౌంటరుకి పంపించారు. అక్కడ బిల్డింగ్ ఫండ్, క్యాష్ మాత్రమే. కౌంటరు పైన పెద్ద ఫ్లెక్సీ: నీలం అద్దాల ఆడిటోరియం, ముందు ఫౌంటెను, పచ్చిక మీద ల్యాప్‌టాప్‌లతో తెల్లవాళ్లు. నాన్న దాన్ని కాసేపు చూసి, "ఇది మావాడి చదువయ్యేలోగా పూర్తవుతుందాండీ?" అన్నాడు. "మీవాడికి కాకపోతే తర్వాత వచ్చే పిల్లలకి పనికొస్తుంది కదండీ" అన్నాడు క్లర్కు, నోట్లు లెక్కపెడుతూనే. రసీదు మీద కాలేజీ పేరే లేదు. ఏదో ట్రస్టు పేరు, కింద "విరాళం" అని. మా ఫైనలియర్‌కి అక్కడ పిల్లర్లు మాత్రం లేచాయి. పైన చువ్వలు తుప్పు పట్టాయి. మేం వాటి మధ్య బైకులు పెట్టుకునేవాళ్లం.

అసలు స్థలం, భవనాలు చూపించందే ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీల్ని చూసే కేంద్ర సంస్థ) కాలేజీకి అనుమతే ఇవ్వదు. ఇక పెంచుకునే భవనాలంటారా, 2002లో ప్రైవేటు కాలేజీల హక్కుల మీద వచ్చిన టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు అభివృద్ధి కోసం కొంత మిగులు ఉంచుకోవచ్చు, లాభాల వేట మాత్రం కూడదు అంది. ప్రభుత్వం వేసిన ఫీజుల కమిటీ కాలేజీ లెక్కలు చూసే ఫీజు ఖరారు చేస్తుంది. అంటే కొత్త బ్లాకు డబ్బు ఆ ఫీజులోనే ఉంది. ఇడ్లీ రేటులోనే వంటగది ఖర్చూ ఉంటుంది, హోటలువాడు వంటగది ఫండని వేరే బిల్లు ఇవ్వడు కదా! ఖరారైన ఫీజుకి మించి గుంజే క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ మనకి 1983 నుంచే చట్టం ఉంది. పేరు మార్చి వసూలు చేస్తే అది ఇంకోటైపోతుందా?

యాజమాన్యాల్ని అడిగితే పిల్లల తరఫున ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదంటారు. నిజమే. కానీ బాకీ ప్రభుత్వానిది, సర్టిఫికెట్లు ఆపేది పిల్లలవి!

ప్రభుత్వ సంస్థలూ ఇదే దారి పట్టాయి. 2017లో కేంద్రం కెనరా బ్యాంకుతో కలిసి ఉన్నత విద్యాసంస్థలకి అప్పులిచ్చే హెఫా అనే సంస్థ పెట్టింది. భవనాలకి గ్రాంటు బదులు అప్పు. వడ్డీ కేంద్రం కడుతుంది, పాత ఐఐటీల్లాంటివి అసలు మొత్తం సొంత రాబడిలోంచే తీర్చాలి. ఆ రాబడిలో ఫీజులూ ఉన్నాయి. కాకపోతే అక్కడ భవనమన్నా లేస్తుంది.

మీ కాలేజీకి ఖరారైన ఫీజు ప్రభుత్వ జీవోలో ఉంటుంది. ఆ పేజీ ప్రింటు తీసి కౌంటరులో పెట్టి, ఈ 20 వేలు ఇందులో ఎక్కడుందో చూపించమనండి. ప్రిన్సిపాల్‌ని కలవమంటారు, కలవండి. నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. పిల్లలొక్కరే వెళ్తే సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చోబెడతారు.