నీటి చుక్క కింద ఏం జరుగుతుంది?

ప్రశ్న: ఇనుప రేకు మీద పడిన ఉప్పునీటి చుక్కను తుడవకుండా వదిలేస్తే, కొన్ని గంటలకు దాని అంచుకు కాస్త లోపలగా ఉంగరంలా తుప్పు కనిపించింది. నడిమి భాగం మాత్రం శుభ్రంగానే ఉంది. తుప్పుకు నీరే కారణమైతే, నీరు ఎక్కువగా ఉన్న నడుమ కదా ముందు పట్టాలి? స్టీలు కూడా ఇనుమే అంటారు, మరి దానికెందుకు పట్టదు?

జవాబు: నీరు ఒక్కటే ఉంటే తుప్పు పట్టదు, ఆక్సిజన్ కూడా ఉండాలి. నీటిని బాగా మరిగించి, అందులో కరిగి ఉన్న గాలిని పోగొట్టి, పైన నూనె పోసి మూసిన సీసాలో మేకును ఉంచితే రోజులు గడిచినా అది అలాగే ఉంటుంది. తేమ లేని పొడి గాలిలో ఉంచినా అంతే.

మీ చుక్క విషయానికి వస్తే, అంచున నీటి పొర పలచన కనుక గాలిలోని ఆక్సిజన్ అక్కడ లోహాన్ని త్వరగా చేరుతుంది, నడుమ అంతగా చేరదు. ఈ తేడా చాలు, ఆ కాస్త చోటులోనే ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. నడుమ ఉన్న ఇనుప పరమాణువులు రెండేసి ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలోకి దిగుతాయి; ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే అంచుకు చేరితే, అక్కడి ఆక్సిజన్, నీరు వాటిని అందుకొని హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారతాయి. ఇటు నుంచి ఇనుప అయాన్లు, అటు నుంచి హైడ్రాక్సైడ్ అయాన్లు వచ్చి కలిసిన చోట ఏర్పడిన పదార్థం మరికొంత ఆక్సిజన్‌ను తీసుకొని ఎర్రగోధుమ రంగు తుప్పు అవుతుంది. మీరు చూసిన ఉంగరం అదే. అంటే ఇనుము అసలు తరిగిపోతున్నది ఉంగరం కింద కాదు, మీకు శుభ్రంగా కనిపించిన నడిమి భాగంలోనే! కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యు.ఆర్. ఎవాన్స్ 1920ల దశకంలో ఇలాంటి ఉప్పునీటి చుక్కతోనే ఈ సంగతిని వివరించారు. మంచినీటి కన్నా ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి ఈ పని మరింత వేగంగా సాగుతుంది.

అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాదు. తాను మింగిన ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమించి, గుల్లబారి పెచ్చులుగా రాలుతుంది, నీటికీ గాలికీ లోపలికి దారి ఇస్తుంది.

ఇక మామూలు ఉక్కుకు తుప్పు పడుతుంది. పట్టనిది స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. దాని వల్ల పైన కొద్ది నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడి, గీత పడినా ఆక్సిజన్ అందినంత కాలం తనంతట తానే పూడుకుంటుంది. ఆక్సిజన్ సరిగా అందని ఇరుకు సందుల్లో ఉప్పునీరు నిలిస్తే మాత్రం ఆ పొర దెబ్బతిని, స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా చిన్న చిన్న గుంటలు పడతాయి.