ఢీల్‌ని సబ్బుతో తోమినవాణ్ణి చెప్తున్నా

"సోమాలీల ఇళ్ళల్లో పాతకాలపు సామాను ఇప్పటికీ వాడతారా, లేక షోకేసుకేనా?" అని అడిగారు. ఇథియోపియాలో సోమాలీ ప్రాంతానికి రాజధాని జిగ్‌జిగా. అక్కడ రెండేళ్ళు పాఠాలు చెప్పొచ్చాను. వాడతారండీ. వాడకపోతే నా పరువు దక్కేది.

మా ఇంటి ఓనరమ్మని అందరితోపాటు నేనూ "హబో" అనేవాణ్ణి, మన పిన్ని లాగా. ఓ రోజు ఒంటె పాలు పంపించింది, ఢీల్‌లో. చెట్టు నారతో బిగించి అల్లిన పాత్ర అది, చుక్క కారదు. మూతే గ్లాసు. తాగితే పొగ వాసన! పాలు మాడాయనుకున్నా. ఖాళీ పాత్ర అలాగే తిరిగివ్వడం బాగోదని, సబ్బేసి పీచుతో బరబరా తోమి ఎండలో బోర్లించా.

సాయంత్రం హబో వచ్చింది. మూత తీసి వాసన చూసింది. ఏమీ అనలేదు, అదే చంపేసింది. వాళ్ళబ్బాయి నవ్వాపుకుంటూ ఇంగ్లీషులో చెప్పాడు: దాన్ని నీళ్ళతో కాదు, నిప్పుతో కడుగుతారట. ఆమె అప్పటికప్పుడు కాలుతున్న కట్టె కొస లోపల పెట్టి, మూతేసి, గిరగిరా ఊపి, బొగ్గు నలుసులు దులిపేసింది. మళ్ళీ వాసన చూసి తల అడ్డంగా ఊపింది. నిమ్మకాయ సబ్బు ఒక్క పొగకి పోతుందా?

మా అమ్మమ్మ దాలిలో కాచిన పాలకీ ఇలాంటి వాసనే ఉండేది, ఎర్రగా మీగడ కట్టి. అది ఎగబడి తాగినవాణ్ణి దీన్ని మాడిందన్నాను. నన్నడిగితే వంటింట్లోకి సబ్బు వచ్చాకే పాలకి రుచి పోయింది. మీరు ఒప్పుకోకపోయినా నా మాట ఇదే.

మిగతావి కూడా ఉంటాయి. దబ్‌కాద్ అని ధూపపు కుంపటి: 'దబ్' అంటే నిప్పు, 'కాద్' అంటే ఎత్తడం. సాయంత్రమైతే అందులో ఊన్సి అనే ధూపం వేసి ఇల్లంతా, బట్టలతో సహా, పొగ పట్టిస్తారు. సంచార కుటుంబాల్లో మగవాళ్ళు తల కింద పెట్టుకునే చెక్క దిండుని బర్కిన్ అంటారు. మెత్తగా లేకపోవడమే దాని గొప్పట, మందని కాసేవాడికి గాఢ నిద్ర పట్టకూడదుగా. చాపలు, కొమ్మలతో కట్టే గుడిసె 'అకల్' అయితే ఆడవాళ్ళ ఆస్తి. కట్టేదీ, విప్పి ఒంటె మీదికెత్తేదీ వాళ్ళే. ఇదేదీ తెలీకుండా ఇవే వస్తువుల్ని ఆన్‌లైన్‌లో "ఆఫ్రికన్ డెకార్" అని అమ్ముతారు చూడండి, ఒళ్ళు మండుతుంది. ఢీల్‌లో ప్లాస్టిక్ పూలు గుచ్చిన ఫోటో కూడా చూశాను!

మా ఢీల్ ఎన్ని పొగలకి దారికొచ్చిందో నాకు చెప్పలేదు. ఆ తర్వాత కూడా హబో పాలు పంపింది, కాకపోతే నీళ్ళ సీసాలో.