పూల ప్రదర్శనలో పూలు కాక ఇంకేం చూడాలి?

పూల ప్రదర్శనకు వెళ్తే రంగులు చూసి మురిసిపోవడం, ఫొటోలు దిగడం తప్ప, అక్కడి తోటల డిజైన్ల నుంచి మన ఇంటికి పనికొచ్చేది ఏమైనా ఉంటుందా అని అడిగారు. బోలెడంత ఉంటుంది. కాకపోతే పూల మీంచి చూపు కాస్త పక్కకు తిప్పుకోవాలి.

మొదటి రెండుసార్లు నేనూ పూలే చూసి వచ్చేశాను. మూడోసారి ఒక చిన్న తోట దగ్గర గంటసేపు కాలు కదపలేకపోయాను. నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత జాగా అది. తెల్లపూలు ఒక మూల కొన్ని, మిగతాదంతా ఆకే. ఫెర్న్‌లు, వెడల్పాటి హోస్టా ఆకులు, సన్నటి గడ్డి దుబ్బులు. మధ్యలోంచి రాళ్ల బాట ఒకటి వెళ్లి, ఎత్తైన గడ్డి వెనక్కి మలుపు తిరిగింది. అవతల ఇంకా చాలా తోట ఉందనిపించింది. పక్కకు వెళ్లి వంగి చూస్తే, బాట రెండడుగుల్లోనే అయిపోయింది! ఆ ఒక్క మలుపుతో అంత చిన్న జాగా ఎంతో పెద్దగా కనిపించింది. ఇంటికి రాగానే నా పెరట్లో తిన్నగా ఉన్న బాటను తవ్వి వంపు తిప్పాను.

అలా వంగినప్పుడే ఇంకోటి కంటబడింది. చెక్క పొట్టు కింద నల్లటి ప్లాస్టిక్ కుండీ అంచు. అంటే ఆ మొక్కలు నాటినవి కావు, కుండీలతో సహా పాతిపెట్టి పైన పొట్టు కప్పినవి. కొద్దిరోజుల ప్రదర్శన కాబట్టి ఆకుకు ఆకు తగిలేలా సర్దుతారు. ఆ దగ్గరతనాన్ని మాత్రం ఇంట్లో అనుకరించకండి. మొక్క పూర్తిగా ఎదిగాక ఎంత వెడల్పవుతుందో తెలుసుకుని అంత చోటు వదలండి.

అన్నీ ఒకేసారి పూయడం వెనక కూడా పెంపకందారుల శ్రమ ఉంటుంది. ఉదాహరణకు చామంతి రాత్రిళ్లు పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. అందుకని సాయంత్రం పెందలాడే నల్లగుడ్డ కప్పి, అనుకున్న తేదీకి పూయిస్తారు. మీ తోటలో అలా జరగలేదని బెంగపడక్కర్లేదు.

రంగుల సంగతి. ఎరుపు, నారింజ దగ్గరగా ఉన్నట్టు, నీలం దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఇంగ్లండు తోటల రూపకర్త గెర్ట్రూడ్ జెకిల్ పొడవాటి పూలబారుల్లో చల్లని రంగులు రెండు కొసల్లో, మండే రంగులు మధ్యలో ఉంచేవారు. ఇది చదివాక నీలిపూలన్నీ వెనక గోడ వైపుకు మార్చాను. గోడ నిజంగానే వెనక్కి జరిగినట్టయింది.

ప్రతి తోట ముందూ, అది దేనికోసం చేశారో చెప్పే బోర్డు ఉంటుంది, తప్పకుండా చదవండి. 1913 నుంచి లండన్‌లో జరుగుతున్న చెల్సీ ప్రదర్శనలో, తోట దేనికోసం చేశామని రూపకర్త ముందుగా రాసిచ్చాడో అది ఎంతవరకు నెరవేరిందో చూసి పతకం ఇస్తారు. మనమూ అలాగే చూస్తే, నచ్చని తోటలోనూ నేర్చుకునేది కనిపిస్తుంది.

ఫొటో తీసేటప్పుడు మొక్కతో పాటు పేరు చీటీ కూడా పడేలా తీయండి. వీలైతే పొద్దున్నే వెళ్లండి. నీళ్లు పోసేవాళ్లు అక్కడే ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు. "ఈ మొక్కలన్నీ నిజంగా ఒకే చోట బతుకుతాయా?" అని వాళ్లనే అడగండి. నేనలా అడిగితే ఒకావిడ నవ్వి, పక్కపక్కనే ఉన్న ఫెర్న్‌నీ లావెండర్‌నీ చూపించి, "దీనికి నీడా తేమా కావాలి, దానికి ఎండా పొడినేలా కావాలి. ప్రదర్శన అయ్యాక వీటిని విడదీసేస్తాం" అంది.