గంతకు తగ్గ బొంతా? కంతకు తగ్గ బొంతా?

సందేహం: చలి మొదలైతే మా ఇంట్లో బొంతల పని మొదలవుతుంది. మా అత్తగారూ నేనూ పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరుచుకుని సంక్రాంతి దాకా కుడుతూనే ఉంటాం. ఈసారి కొత్తగా పెళ్లయిన మా ఆడపడుచు కూతురికి ఒక బొంత పంపుదామని, చీటీ మీద సరదాగా 'కంతకు తగ్గ బొంత' అని రాశాను. మా అత్తగారు చూసి, "అది కంత కాదు, గంత. అయినా కొత్త దంపతులకు ఆ మాట రాస్తారా?" అన్నారు. ఏది సరి? రాస్తే తప్పేముంది? మా అమ్మాయేమో బొంత అంటే నామోషీగా ఉంది, క్విల్ట్ అని రాయమంటోంది.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రెండు విషయాల్లోనూ మీ అత్తగారిదే సరైన మాట. మీ అమ్మాయి సంగతి తర్వాత చెబుతాను.

బరువులు మోసే పశువు వీపు మీద వేసే మోటు జీనును గంత అంటారు. రోడ్లూ రైళ్లూ రాకముందు మన తీరం నుంచి ఉప్పు ఎద్దుల వీపుల మీదే లోపలి ఊళ్లకు చేరేది. లంబాడీలు ఎద్దుల బిడారులు తోలుకుంటూ ఆ వ్యాపారం చేసేవారు. అలాంటి పశువు వీపు మీద మేలైన జీను ఎవరూ వేయరు, ఆ జీనుకు తోడుగా పట్టు గుడ్డా పరచరు. గంత మోటుదే, దానికి జతపడే బొంతా మోటుదే. అందుకని ఒకరికొకరు తీసిపోని ఇద్దరిని చూసి 'గంతకు తగ్గ బొంత' అన్నారు. 'గంతకు తగిన బొంత' అనడమూ ఉంది.

ఆ రవాణా పోయాక గంత అనే మాట కూడా వాడుకలోంచి జారిపోయింది. ఇప్పుడు మనకు తెలిసినవి కళ్లకు కట్టే గంతలే. సామెతలో ఒక మాటకు అర్థం తెలియనప్పుడు, దానికి దగ్గరగా వినిపించే తెలిసిన మాటను అక్కడ పెట్టేస్తాం. కంత అంటే కన్నం అని అందరికీ తెలుసు. కన్నానికి సరిపడే గుడ్డముక్క అని చెప్పుకుంటే అర్థమూ కుదిరినట్టే ఉంటుంది. చదువుకున్నవాళ్లు కూడా 'కంత' అని రాయడానికి ఇదే కారణం.

కానీ సూది పట్టిన మీరే ఒక్కసారి ఆలోచించండి. చీరకు కంత పడిందని ఎప్పుడైనా అన్నారా? గుడ్డకు చిరుగు పడుతుంది, చిల్లు పడుతుంది. కంత పడేది కంచెకు, గోడకు. పోనీ చిల్లు పడిందే అనుకుందాం. దాని మీద వేసేది మాసిక, లేదా అతుకు. బొంత ఎవరూ వేయరు, ఎందుకంటే బొంత అంటే ముక్క కాదు, పొరలన్నీ కలిపి కుట్టిన మొత్తం. గోడ కంతలో పాత గుడ్డలు కుక్కుతారు కదా అని వాదించేవారున్నారు. నిజమే, కుక్కుతారు. కుక్కడానికి ఏ గుడ్డయినా పనికొస్తుంది, అక్కడ 'తగ్గ' అనే మాటకు పనిలేదు. సామెతకు ప్రాణం ఆ 'తగ్గ'లోనే ఉంది.

ఇక రెండో మాట. ఈ సామెత ఎత్తిపొడుపు. దొంగకు దొంగ జతపడితేనో, పెడసరి మొగుడికి గయ్యాళి పెళ్లాం దొరికితేనో అనేది. మీరు ఎంత ప్రేమతో రాసినా, వియ్యాలవారి ఇంట్లో పెద్దవాళ్లు చదివితే మనసు కష్టపెట్టుకుంటారు. కొత్త జంటకు 'ఈడూ జోడూ' ఉంది, 'చిలకా గోరింకలు' ఉన్నాయి. సామెతే కావాలంటే 'జాడీకి తగ్గ మూత' కొంత నయం, అయినా పెళ్లి చీటీ మీద నేనైతే అదీ రాయను. దయచేసి ఆ చీటీ మార్చండి.

మీ అమ్మాయి నామోషీ నాకు అర్థమవుతుంది. బొంతకాకి, బొంతరాయి, కూరకు వాడే బొంత అరటికాయ – వీటిలో బొంత అంటే పెద్దది, మోటుది. ఆ మోటుదనమే ఆమె చెవికి తగిలి ఉంటుంది. కానీ మీరు కుట్టినదానికి తెలుగులో ఇంత సరిగ్గా అమరే పేరు మరొకటి లేదు. దుప్పటి ఒంటి పొర. కంబళి, గొంగళి ఉన్నితో నేసినవి. రజాయి లోపల దూది నింపుతారు. వాడి వాడి మెత్తబడ్డ మంగళగిరి నూలు చీరల్ని పొరలుగా పరిచి, అంచు నుంచి అంచు దాకా కుట్లు వేస్తే అది బొంతే. షాపులో కొన్నదాన్ని క్విల్ట్ అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

బొంత కావ్యభాషకు దూరమైన మాటా కాదు. భర్తృహరి 'కంథాధారీ' అన్నచోట ఏనుగు లక్ష్మణకవి 'ఒకచో బొంత ధరించు' అని తెలుగు చేశారు. కార్యసాధకుడు బొంత కప్పుకున్నా, మేలి వస్త్రం కట్టినా ఒకేలా ఉంటాడని ఆ పద్యం. బడిలో చదువుకున్నవాళ్లకు ఇప్పటికీ నోటికొస్తుంది. బెంగాలీలు ఆ కంథ పేరునే కాంథా అని నిలుపుకుని తమ కుట్టుపనికి దేశమంతా పేరు తెచ్చారు. ఉత్తర కర్ణాటకలో కౌది, మరాఠీలో గోధడి. వాళ్లెవరూ సొంత పేరు చెప్పడానికి మొహమాటపడటం లేదు. మనమెందుకు పడాలి?

బొంత మీద ఈ చిన్నచూపు పత్రికల్లోనూ ఉంది. నాలుగు పార్టీలు కలిసి ఏర్పడి ఎప్పుడు పడిపోతుందో తెలియని ప్రభుత్వాన్ని 'అతుకుల బొంత' అంటున్నారు. రకరకాల ముక్కలు కలిశాయని చెప్పడం వరకైతే సరే. నిలకడ లేదని చెప్పడానికి మాత్రం అది తగిన మాట కాదు. మీ ఇంట్లో బొంత ఎన్ని చలికాలాలు ఆగుతుందో మీకు తెలుసు. అటూ ఇటూ గెంతే పొత్తులకు 'కప్పల తక్కెడ' ఉండనే ఉంది.