రెండు ఊళ్ల చీటీలు

చిరంజీవి చిన్నాకి మేనత్త దీవెనలు.

జుట్టు ఊడుతోందని ఫినాస్టెరైడ్ వాడుతున్నావట, ఇప్పుడు నడుం దగ్గర తామరకి ఇట్రాకొనజోల్ కూడా మొదలుపెడతానంటున్నావట. మీ అమ్మ చెప్పగానే గుండె దడదడలాడింది. మింగకముందే నన్ను అడగమన్నావని విన్నాక కడుపు నిండింది. మన ఇంట్లో అలా అడిగిన మొదటివాడివి నువ్వే.

ఫినాస్టెరైడ్‌ని కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైము విరగ్గొడుతుంది. ఇట్రాకొనజోల్ ఆ ఎంజైమునే అణిచేస్తుంది. అంచేత జుట్టు బిళ్ల రక్తంలో పెరగొచ్చు. ఈ రెండూ కలవనే కూడదన్న నిషేధం లేదు. డాక్టరు సరే అనొచ్చు, కొన్నాళ్లు జుట్టు బిళ్ల ఆపమనొచ్చు. ఆపమంటే దిగులుపడకు, దాని పని నెలల మీద సాగేది. నీది అదే తరహా ఇంకో జుట్టు బిళ్ల, డ్యూటాస్టెరైడ్ అయితే మాత్రం ఆపినా ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. స్ట్రిప్ మీద పేరు చదువు.

మీ చిన్నాన్నకి ఏం జరిగిందో నీకెవరూ పూర్తిగా చెప్పలేదు. పాతపట్నంలో ఒక డాక్టరు వాడికి కొలెస్ట్రాల్‌కని సిమ్వాస్టాటిన్ రాశారు. తామరొచ్చినప్పుడు ఇక్కడ పర్లాకిమిడిలో ఇంకొకరికి చూపించుకుంటే ఇట్రాకొనజోల్ రాశారు. అక్కడి మందుల చీటీ ఇక్కడ చూపలేదు, ఇక్కడిది అక్కడ చూపలేదు. ఒడిశాలో ఇల్లు, ఆంధ్రాలో బజారు ఉన్న మనకి ఇది ఎంత తేలిగ్గా జరిగిపోతుందో చూడు. సిమ్వాస్టాటిన్‌నీ విరగ్గొట్టేది ఆ ఎంజైమే. ఇట్రాకొనజోల్ తోడైతే అది ఒంట్లో పేరుకుపోయి కండరాలు చితికిపోవచ్చు. ఆ జత వాడనే కూడదు. తొడలు పీకుతున్నాయంటే పొలం పని వల్లనుకున్నారు. మూత్రం నల్లగా వస్తోందని మీ పిన్ని ఏడుస్తూ చెప్పాక బరంపురం తీసుకెళ్లాం. కిడ్నీలు దక్కాయి. కానీ దారిలో వాడు నా చెయ్యి వదల్లేదు, "అక్కా, తామర బిళ్లకే ఇంతవుతుందా" అని అడుగుతూనే ఉన్నాడు.

అందుకే చెబుతున్నాను, నువ్వు మింగేవన్నీ ఒకే కాగితం మీద రాయి. గ్యాస్ బిళ్ల, ఆయుర్వేదం, జిమ్ పొడి, ఏదీ వదలకు. జుట్టుకే వాడే మినాక్సిడిల్ బిళ్ల కూడా ఉంటే తప్పకుండా చెప్పు. అది ఒంటికి నీరు పట్టిస్తుంది, ఇట్రాకొనజోల్ గుండె బలాన్ని తగ్గించగలదు. కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు. టెర్బినఫిన్ అనే ఇంకో తామర బిళ్ల ఆ ఎంజైము జోలికి పెద్దగా పోదు, అది కుదురుతుందేమో అడుగు. ఏది రాసినా లివర్ పరీక్ష చేయించుకో. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ అన్నం తిన్నాకే వేసుకోవాలి. కెటొకొనజోల్ షాంపూతో భయం లేదు. షాపువాడిచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీము మాత్రం ముట్టుకోకు, తామర మొండికేస్తుంది.

పెళ్లి దగ్గరపడుతోంది కదా, ఇంకొకటి. విరిగిన ఫినాస్టెరైడ్ ముక్కని కడుపుతో ఉన్న ఆడపిల్ల తాకకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే చెరుపు. రక్తదానం కూడా చివరి బిళ్ల వేసుకున్నాక నెల దాటేవరకూ వద్దు.

మీ తాతకీ చిన్న వయసులోనే నుదురు పెరిగింది, ఒరేయ్. మా అమ్మ కంటికి ఆయనెప్పుడూ అందగాడే.

సోమవారం ఆ కాగితం, రెండు ఊళ్ల చీటీలూ పట్టుకుని వెళ్లు. డాక్టరు చూసేదాకా కొత్త స్ట్రిప్ చింపకు. ఏమన్నారో ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా ఎత్తుతాను.

మీ అత్త