టైర్లు లోపలి వైపే అరిగాయి, షోరూమ్ వాళ్లు ‘మాకు సంబంధం లేదు’ అంటున్నారు

ప్రశ్న: లాయర్ గారూ, నేను కొత్త కారు కొని ఏడాదిన్నర అయింది. 21 వేల కిలోమీటర్లు తిరిగింది. సర్వీసులన్నీ కొన్న షోరూమ్‌లోనే, టైముకే చేయించాను. కొన్ని నెలలుగా 60 స్పీడు దాటితే ముందు చక్రాల దగ్గర హోరు వస్తోంది. మొన్న చూస్తే ముందు టైర్లు రెండూ లోపలి అంచున గుండు అయిపోయి ఉన్నాయి. బయటి వైపు గాడులు బాగానే ఉన్నాయి. షోరూమ్‌లో అడిగితే ‘టైర్లకు మా వారంటీ రాదు, టైర్ల కంపెనీని అడగండి’ అన్నారు. ఆ కంపెనీ మనిషి వచ్చి చూసి, ‘ఇది అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) వల్ల వచ్చిన అరుగుదల, తయారీ లోపం కాదు’ అని రాసిచ్చి క్లెయిమ్ తిరస్కరించాడు. ప్రతి సర్వీసులోనూ అలైన్‌మెంట్‌కు డబ్బు కట్టాను. ఇప్పుడు పాత టైర్లు ఇచ్చేస్తే కొత్తవాటి మీద తగ్గింపు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? కేసు వేస్తే నిలబడుతుందా? ఎవరి మీద వేయాలి?

జవాబు: ముందుగా ఒక్క మాట. ఆ పాత టైర్లు ఎవరికీ ఇవ్వకండి. తగ్గింపు ఎంతైనా సరే. మీ కేసులో అసలు సాక్ష్యం ఆ రెండు టైర్లే. అవి చేయి దాటితే మీ దగ్గర మిగిలేవి బిల్లులు, మీ మాట మాత్రమే.

అలాగని సాక్ష్యం కోసం వాటి మీదే తిరగవద్దు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 94వ నియమం ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడుల అడుగున చిన్న దిమ్మల్లాంటి గుర్తులుంటాయి. రబ్బరు అరిగి ఆ దిమ్మల మట్టానికి వచ్చిందంటే ఆ టైరు పని అయిపోయినట్టే. మీ టైర్లు లోపలి అంచున ఆ దశ కూడా దాటాయి. వానలో బ్రేకు వేస్తే కారు జారుతుంది. కొత్తవి వెంటనే వేయించుకోండి. పూర్తి బిల్లు తీసుకోండి, పాతవి ఇంటికి తెచ్చుకోండి. కొత్త టైర్లు వేయించుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు. ఆ బిల్లే రేపు మీరు అడగబోయే నష్టపరిహారానికి లెక్క అవుతుంది.

విప్పించే ముందు, టైరు చక్రానికి ఉండగానే ఫొటోలు తీయండి. కారు నంబరు, ఓడోమీటరు రీడింగ్, టైరు పక్కభాగం మీది అక్షరాలు స్పష్టంగా రావాలి. ఆ అక్షరాల్లో డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3523 అని ఉంటే 2023వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. ఆ వరుస మొత్తం రాసి పెట్టుకోండి. ‘ఈ టైరు మేమిచ్చిందే కాదు’ అనే వాదన రాకుండా అది కాపాడుతుంది. గాడి లోతు కొలిచే ట్రెడ్ గేజ్‌తో లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా లోతు కొలిపించి, ఆ కొలతలు కనిపించేలా ఇంకో ఫొటో తీయండి. తర్వాత అరచేతిని ట్రెడ్ మీద, అంటే రోడ్డును తాకే గాడుల భాగం మీద, అడ్డంగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జరిపి చూడండి. ఒక దిశలో నున్నగా జారి, ఇంకో దిశలో గరుకుగా గుచ్చుకుంటే అది టో కోణం (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పిందనడానికి గుర్తు. మీరు చెప్పే హోరు చాలాసార్లు ఇలాంటి అరుగుదల నుంచే వస్తుంది.

ఈ వివరాలన్నీ ఎందుకంటే, వినియోగదారుల కేసులో లోపం ఉందని చూపించాల్సిన బాధ్యత ఫిర్యాదు చేసినవారిదే. సేవాలోపం విషయంలో సుప్రీంకోర్టు 2021లో కూడా ఈ మాట స్పష్టంగా చెప్పింది. ‘టైర్లు తొందరగా అరిగాయి’ అంటే సరిపోదు. ఎలా అరిగాయి, అలా అరగడానికి కారణం ఎవరి చేతిలో ఉంది అన్నదే కేసు. గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి, ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది. ఈ రెండూ వాడేవాళ్ల ఖాతాలోకే వెళ్తాయి. గుంతలో పడి దెబ్బ తిన్న టైరుకు సాధారణంగా పక్కన ఉబ్బు గానీ, రిమ్ముకు సొట్ట గానీ కనిపిస్తుంది. మీ రెండు ముందు టైర్లూ ఒకే తీరుగా లోపలి వైపు అరిగాయి. నడిపిన తీరు కంటే చక్రాల కోణాల అమరిక వైపే అది వేలు చూపిస్తోంది. మీ కేసుకు బలం ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఆ తిరస్కరణ కాగితం సంగతి. దాన్ని చూసి మీరు నిరాశపడ్డారు. నాకు మాత్రం మీ ఫైలులో అన్నిటికంటే విలువైన కాగితం అదే అనిపిస్తోంది. తప్పు అలైన్‌మెంట్‌దని టైర్ల కంపెనీ మనిషే రాసిచ్చాడు. ఆ అలైన్‌మెంట్ చేసింది ఎవరు? ప్రతి సర్వీసులోనూ మీ దగ్గర డబ్బు తీసుకున్న షోరూమే. డబ్బు తీసుకుని సరిగ్గా చేయకపోతే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) కింద సేవాలోపం. ‘మేం సరిగ్గానే చేశాం’ అంటే, సరిగ్గా చేసినా కోణాలు ఎందుకు నిలవడం లేదో వాళ్లు చెప్పాలి. చక్రాలను కారుకు పట్టి ఉంచి కుదుపులు ఆపే సస్పెన్షన్‌లో తేడా ఉంటే అది కారు లోపం, కారు వారంటీ దానికి వర్తిస్తుంది. ‘టైర్లకు మా వారంటీ రాదు’ అన్న షరతు వారంటీ పుస్తకంలో నిజంగానే ఉంటుంది. టైర్లకు, బ్యాటరీకి వాటి కంపెనీలే వారంటీ ఇవ్వడం మామూలే. కానీ మీరు అడుగుతున్నది టైరులో లోపం గురించి కాదు, టైరును పాడుచేసిన దాని గురించి. నోటీసులో ఈ తేడా మొదటి పేరాలోనే కనబడాలి.

అలైన్‌మెంట్ చేసిన ప్రతిసారీ యంత్రం ‘ముందు’, ‘తర్వాత’ రీడింగులతో ఒక ప్రింటు ఇస్తుంది. టో అంకెలు, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలిన కోణం) అంకెలు, కంపెనీ చెప్పిన హద్దులు అందులో ఉంటాయి. చాలామందికి ఆ కాగితం ఇవ్వరు, అడగాలని మనకూ తోచదు. ఇప్పుడు పాత సర్వీసులన్నిటి ప్రింట్లూ ఈమెయిల్‌లో అడగండి. ఇస్తే అంకెలు మాట్లాడతాయి. ఇవ్వకపోతే, చేసినట్టు బిల్లు ఉంది, చేసిన రుజువు లేదు అని వినియోగదారుల కమిషన్ ముందు చెప్పుకోవచ్చు. కొత్త టైర్లు వేశాక, ఏ సవరణా చేయకముందే, షోరూమ్‌కు సంబంధం లేని వేరే చోట ఒకసారి రీడింగు తీయించి ఆ ప్రింటు దాచండి. అంకెలు హద్దు దాటి ఉంటే కోణాలు సరిచేయించుకోండి, లేదంటే కొత్తవీ అలాగే అరుగుతాయి.

శబ్దం గురించి కొంచెం కటువుగా చెప్పాలి. ఒక్క శబ్దం మీదే కేసు వేస్తే నిలబడటం కష్టం. కార్ల టైర్లకు దొర్లే శబ్దం మీద ఏఐఎస్ 142 అనే ప్రమాణం ఉంది. అయితే అది కొలిచేది రోడ్డు పక్కకు వినిపించే శబ్దాన్ని, కారులో కూర్చున్నవారి చెవికి వచ్చేదాన్ని కాదు. ‘ప్రమాణం పాటించాం’ అని వాళ్లు తేలిగ్గా తప్పించుకుంటారు. అందుకే శబ్దాన్ని విడి ఫిర్యాదుగా కాక, ఆ అరుగుదలకు తోడు వచ్చిన లక్షణంగా రాయండి. ఇంకో సంగతి, మలుపు తిరిగేటప్పుడు ఆ హోరు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది టైరుది కాకుండా, చక్రం తేలిగ్గా తిరగడానికి లోపల ఉండే వీల్ బేరింగ్‌ది కావచ్చు. కొత్త టైర్లు వేశాక కూడా హోరు పోకపోతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. బేరింగ్ కారు వారంటీలోకి వచ్చే భాగం కాబట్టి గడువు ముగిసేలోగా చూపించండి.

షోరూమ్‌కు వెళ్లినప్పుడు జాబ్ కార్డు (సర్వీసుకు కారు ఇచ్చేటప్పుడు రాసే కాగితం) మీద మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. ‘60 దాటితే ముందు చక్రాల దగ్గర హోరు, రెండు టైర్లూ లోపలి అంచున అరిగాయి’ అని ఉండాలి. ‘జనరల్ చెకప్’ అని రాసిన కార్డు మీద సంతకం పెట్టకండి. చాలా కేసులు ఈ ఒక్క కార్డు దగ్గరే బలహీనపడటం చూశాను. మనిషి నెలల తరబడి మొత్తుకున్నా, కాగితం మీద ఆ ఫిర్యాదు ఎక్కడా కనబడదు.

ఇక ఎవరి మీద వేయాలి? షోరూమ్, కారు కంపెనీ, టైర్ల కంపెనీ ముగ్గురినీ చేర్చండి. ఒకరిని వదిలేస్తే, హాజరైనవాళ్లు తప్పంతా ఆ రానివాళ్ల మీదికే నెడతారు. ముందు ముగ్గురికీ 15 రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపండి. ఈలోగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, షోరూమ్ ఎక్కడున్నా సరే. ఫిర్యాదును టైర్లు, సర్వీసు చార్జీల వరకే ఉంచితే విలువ 5 లక్షల లోపే ఉంటుంది కనుక ఫీజు ఉండదు. లాయరును పెట్టుకోవాలన్న నియమం లేదు. ఎదుటివాళ్లు 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కమిషన్ మహా అయితే ఇంకో 15 రోజులు పొడిగించగలదు.

టైరునే పరీక్షించాల్సి వస్తే సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని సీలు వేయించి ల్యాబుకు పంపుతుంది. పరీక్ష ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు. టైర్లు ఇవ్వవద్దని మొదట్లోనే చెప్పింది ఇందుకే. టైర్ల కంపెనీ మళ్లీ పరిశీలనకు అడిగితే, డాట్ నంబరు రాసిన రసీదు మీద సంతకం తీసుకోకుండా ఇవ్వకండి.

గడువు రెండేళ్లు. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి అది లెక్కకొస్తుంది. ‘పైవాళ్లకు పంపాం, చూస్తున్నాం’ అనే ఈమెయిళ్లు ఎన్ని నడిచినా గడువు పెరగదు. నోటీసు ఇచ్చినా పెరగదు.

ఏం వస్తుందో కూడా తెలుసుకోండి. కొత్త కారు ఇప్పించమని అడగకండి. భాగంలో లోపానికి మొత్తం కారు మార్చమనడం సరికాదని సుప్రీంకోర్టు 2006లో ఒక కారు కేసులో చెప్పింది. టైర్ల ఖరీదులో కూడా మీరు వాడుకున్న మేరకు తగ్గించే అవకాశం ఉంది. టైర్ల కంపెనీలు వారంటీలో మిగిలిన ట్రెడ్‌ను బట్టే లెక్కకడతాయి. అలైన్‌మెంట్‌కు కట్టిన డబ్బు వాపసు, టైర్ల నష్టం, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు, చక్రాల అమరికను ఉచితంగా సరిచేయాలన్న ఆదేశం, ఇవి అడగండి. బీమా వైపు చూడటం వల్ల లాభం లేదు. మామూలు పాలసీ అరుగుదలకు ఇవ్వదు. ప్రమాదంలో కారు కూడా దెబ్బతింటేనే టైరుకు, అదీ మార్పిడి ఖర్చులో సగం వరకే ఇస్తుంది.

కేసు వేసే ముందు మీ వైపు కూడా నిజాయితీగా చూసుకోండి. సర్వీసు మధ్యలో ఎక్కడైనా దాటిపోయిందా, బయట సస్పెన్షన్ మార్పించారా, కంపెనీ సైజు కాని రిమ్ములు వేశారా? వీటిలో ఏది ఉన్నా ఎదుటి లాయరు మొదట దాన్నే పట్టుకుంటాడు. తప్పుడు వాడకం, మార్పులు చేయడం చట్టంలోనే వాళ్లకు రక్షణగా ఉన్నాయి. మీరు రాసిన దాన్ని బట్టి అలాంటిదేమీ కనబడలేదు.

నోటీసు అందాక షోరూమ్ రాజీకి రావచ్చు. ఒక టైరో, రెండు టైర్లో ఉచితంగా ఇస్తామంటే తీసుకోవడంలో తప్పు లేదు. కాకపోతే వాళ్లిచ్చే కాగితంలో ‘ఈ కారుకు సంబంధించి ఇకపై ఏ ఫిర్యాదూ లేదు’ అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి. ‘ఈ రెండు టైర్ల విషయం వరకు మాత్రమే’ అని రాయించి, అప్పుడు సంతకం పెట్టండి. మీ కారు వారంటీ ఇంకా నడుస్తూ ఉండవచ్చు, సస్పెన్షన్ సంగతి ఇంకా తేలలేదు.