ఆధీనంలో ఉన్న ప్రాంతం తరఫున వాణిజ్య చర్చల్లో ఎవరు కూర్చుంటారు?

ఆధీన ప్రాంతాలు సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకోగలవా, లేక పాలించే దేశమే అన్నీ మాట్లాడుతుందా అని అడిగారు. పై దేశం ఎంత అధికారం వదిలిందన్నదాన్ని బట్టి ఉంటుందండి. నాకు దగ్గరగా తెలిసింది ఫారో దీవుల సంగతి. ఉత్తర అట్లాంటిక్‌లో ఉన్న ఈ దీవులు డెన్మార్క్ రాజ్యంలో భాగమే, కానీ చాలా విషయాల్లో సొంత పాలన.

డెన్మార్క్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో కస్టమ్స్ కాగితాలు చూసేవాణ్ని. ఫారో రాజధాని టోర్స్‌హావ్న్ నుంచి ఓడలో డెన్మార్క్‌లోని హిర్ట్‌షల్స్ రేవుకి సాల్మన్ లోడ్లు వచ్చేవి. అప్పట్లో ఇద్దరికీ రాణి ఒక్కరే, డెన్మార్క్ పార్లమెంటులో ఫారో వాళ్లకి రెండు సీట్లు కూడా ఉన్నాయి. అయినా ప్రతి లోడుకీ దిగుమతి డిక్లరేషన్ పెట్టాల్సిందే. సుంకం రాయితీ కావాలంటే సరుకు ఫారోదేనని రుజువు చూపాల్సిందే. ఎందుకంటే 1973లో డెన్మార్క్ యూరోపియన్ కమ్యూనిటీలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కి ముందు రూపం) చేరినా ఫారో వాళ్లు చేరలేదు. బతుకంతా చేపల మీదే, ఆ సముద్రం మీద పెత్తనం కమ్యూనిటీ కేంద్రమైన బ్రస్సెల్స్‌కి ఇవ్వడం వాళ్లకి ఇష్టం లేదు.

ఫారో విదేశీ వ్యవహారాల మీద డెన్మార్క్ చేసిన 2005 చట్టం ప్రకారం, డెన్మార్క్ నుంచి తమకి బదిలీ అయిన విషయాల్లో ఫారో ప్రభుత్వమే చర్చలు జరిపి ఒప్పందం కుదుర్చుకోవచ్చు. కానీ చట్టపరంగా అది డెన్మార్క్ రాజ్యం తరఫునే. అదే ఏడాది ఐస్‌లాండ్‌తో, 2019లో బ్రిటన్‌తో ఒప్పందాలు అలాగే అయ్యాయి.

అసలు విచిత్రం 2013లో జరిగింది. చుట్టుపక్కల దేశాలు పంచుకునే హెర్రింగ్ చేపల వేటలో తమ వాటాని ఫారో వాళ్లు తమంతట తామే దాదాపు 5 శాతం నుంచి 17 శాతానికి పెంచుకున్నారు. యూరోపియన్ యూనియన్‌కి కోపం వచ్చి వాళ్ల హెర్రింగ్, మెకరెల్ దిగుమతుల్ని ఆపేసింది. ఫారోకి డబ్ల్యూటీఓలో (ప్రపంచ వాణిజ్య సంస్థ) సొంత సభ్యత్వం లేదు. అందుకని ఆ నవంబరులో 'ఫారో దీవుల విషయంలో' అంటూ డెన్మార్కే యూనియన్ మీద ఫిర్యాదు వేసింది. తను సభ్యురాలిగా ఉన్న కూటమి మీదే! మామూలుగా డెన్మార్క్ వాణిజ్య విధానం యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ చేతిలో ఉంటుంది, ఇక్కడ మాత్రం దీవుల కోసం కమిషన్‌కి ఎదురుగా కూర్చుంది. 2014 ఆగస్టులో రాజీ కుదిరి ఆంక్షలు ఎత్తేశారు.

హాంకాంగ్‌ది వేరే దారి. బ్రిటన్ పాలనలో ఉండగానే 1986లో బ్రిటన్ ప్రకటనతో గాట్‌లో (డబ్ల్యూటీఓకి ముందున్న వాణిజ్య ఒప్పందం) విడి సభ్యత్వం వచ్చింది, 1997లో చైనా చేతికి వెళ్లిన తర్వాత కూడా డబ్ల్యూటీఓలో 'హాంకాంగ్, చైనా' పేరుతో కొనసాగుతోంది. సొంత కుర్చీ కావాలని ఫారో నాయకులూ ఎప్పట్నుంచో అడుగుతున్నారు. డబ్ల్యూటీఓ నిబంధనల ప్రకారం విడి కస్టమ్స్ ప్రాంతానికి సభ్యత్వం రావచ్చు, కానీ బయటి వాణిజ్యంలో పూర్తి స్వాధికారం ఉండాలి. విదేశాంగమేమో ఇప్పటికీ కోపెన్‌హాగన్‌దే. చిక్కంతా అక్కడే ఉంది.